దీవిలో ఒక పూట, అమీర్‌పేటకి ఒక పొట్లం

నేను చదివింది సముద్ర శాస్త్రం. ఈ మాట చెప్పగానే మా బంధువుల్లో చాలామంది "అంటే రొయ్యల చెరువులా?" అని అడుగుతారు. కాదండీ, నీళ్ళలో ఉప్పెంత, వేడెంత, అలలెటు పోతున్నాయి, అడుగున ఏముంది, ఇదీ చదువు. పుట్టి పెరిగింది అమీర్‌పేటలో. చదువు కోసం సముద్రం ఉన్న ఊరికి వెళ్ళి, దాన్ని రోజూ హాస్టల్ కిటికీలోంచి చూసేదాన్నే కానీ, దాని మీదికి మాత్రం ఎక్కలేదు. ఎమ్మెస్సీ రెండో ఏడాది దాకా నేనెక్కిన ఒకే ఒక్క పడవ హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం దగ్గరికి తీసుకెళ్ళేది. అందులో కూడా అమ్మ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను.

ఆ ఏడాది మా క్లాసుని పరిశోధన ఓడ మీద అరేబియా సముద్రంలోకి తీసుకెళ్తామన్నారు. కొచ్చిలో ఎక్కడం, కొన్నాళ్ళు సముద్రం మీద నీళ్ళు తోడి పరీక్షలు చేయడం, మధ్యలో లక్షద్వీప్‌లో ఒక చిన్న దీవి దగ్గర ఒక పూట ఆగడం, మళ్ళీ వెనక్కి. బయల్దేరే ముందు ఇంటికొచ్చి ఈ సంగతంతా చెబితే మా అమ్మకి వినబడింది ఆ ఒక్క పూట మాత్రమే.

"ఓడలో నిన్నెవరు చూస్తారు? ఆ దీవిలో మనుషులు చూస్తారు. మంచి డ్రెస్సు ఒకటి ఉండాలి," అంది.

"అమ్మా, మేం దిగేది నీళ్ళు పట్టుకోడానికి."

"అయితే ఏంటి? మన అపార్ట్‌మెంట్లో మంజీరా నీళ్ళు పట్టుకోడానికి కిందికి దిగే ఆవిడ కూడా జడేసుకునే దిగుతుంది."

మా అమ్మది తెనాలి వైపు. పెళ్ళై హైదరాబాద్ వచ్చి పాతికేళ్ళు దాటినా బట్టల విషయంలో తెనాలి పట్టుదల సడలలేదు. మెట్రో స్టేషన్ కింద జనాన్ని తోసుకుంటూ నన్నొక బట్టల కొట్లోకి లాక్కెళ్ళింది. చిలకపచ్చ డ్రెస్సు, దానికి జానెడు జరీ అంచు, చున్నీ కొసలకి చిన్న చిన్న గజ్జెలు. కదిలితే ఎడ్లబండి వచ్చినట్టు చప్పుడు.

"దూరం నుంచే కనిపిస్తది మేడమ్," అన్నాడు కొట్టతను, పొగుడుతున్నాననుకుని.

అమ్మకి ఆ మాటే నచ్చింది. "ఓడకి ఏమన్నా అయినా వెతకడానికి సులువు," అని కొనేసింది. కొట్టువాళ్ళు దాన్ని పసుపురంగు గుడ్డసంచిలో పెట్టిచ్చారు. సంచి మీద అరచేతంత ఎర్ర అక్షరాలు: అమీర్‌పేట, హైదరాబాద్.

నాన్నకి పంజాగుట్టలో కళ్ళజోళ్ళ కొట్టుంది. ఆయన తన వంతుగా నల్లద్దాలు ఇచ్చాడు. సముద్రం మీద ఎండ పైనుంచే కాదు, కింది నుంచి కూడా కొడుతుందని ఎక్కడో చదివి, బుగ్గల దాకా వచ్చే జత ఒకటి ఏరి, జారిపోకుండా తాడు కట్టి నా మెడలో వేశాడు. అద్దంలో చూసుకుంటే వెల్డింగ్ పనికి బయల్దేరినట్టున్నాను. చివరగా అమ్మ బల్కంపేట ఎల్లమ్మ గుడికి తీసుకెళ్ళింది. "అమ్మవారు బావిలో ఉంటుంది కదా, నీళ్ళ సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది," అని ఆవిడ నమ్మకం. అది నాకూ సబబుగానే తోచింది. దణ్ణం పెట్టుకున్నాను.

ఓడ ఎక్కాక నాకు తెలిసిందేమిటంటే, సముద్రాన్ని చదవడం వేరు, సముద్రం మీద ఉండటం వేరు. కొచ్చి రేవు కనబడుతుండగానే కడుపులో తిప్పడం మొదలైంది. ఇంక ఆగలేదు. పడుకుంటే తిప్పు, లేస్తే తిప్పు, గోడ మీద వేలాడే తువ్వాలు అటూ ఇటూ ఊగడం చూస్తే మరీ తిప్పు. ఓడలో నాతోపాటు ఒకే గదిలో ఉన్నది నా క్లాస్‌మేటే, ఎల్లారెడ్డిగూడ అమ్మాయి. మా ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో పెరిగింది కానీ మేం కలుసుకుంది మాత్రం చదువుకునే ఊళ్ళోనే. సన్నగా పుల్లలా ఉంటుంది, ఏనుగంత తింటుంది. ఓడ ఎంత ఊగితే దానికి అంత ఆకలి.

నా మంచం పక్కన కూర్చుని కోడిగుడ్లు వలుచుకుంటూ, "ఏందే గిట్లయిపోయినవ్? సముద్రం మీద పీజీ చేస్తున్నవా, సముద్రం నీ మీద చేస్తుందా?" అనేది.

"ఆ గుడ్డు అవతలికి తీసుకెళ్ళి తినవే తల్లీ."

"గాడ గాలికి గుడ్డు ఎగిరిపోతది."

ఎగిరిపోయింది గుడ్డు కాదు, నా బట్టలు. నా అవస్థ చూసి జాలిపడి అది నా బట్టలన్నీ ఉతికిపెట్టింది. ఉతికి, మా ఇంటి బాల్కనీలో ఆరేసినట్టు ఓడ కమ్మీ మీద ఆరేసింది. క్లిప్పులు పెట్టలేదు. కాసేపయ్యాక వచ్చి గుమ్మంలో నిలబడి, "జర కోపం చేసుకోకు," అంది. అరేబియా సముద్రంలో ఎక్కడో ఒక సొరచేప నా కుర్తా తొడుక్కుని తిరుగుతూ ఉండొచ్చు. పుల్లలాంటి నా స్నేహితురాలి బట్టలు నాకు మోచేతి దాకా కూడా ఎక్కలేదు. మిగిలింది ఒంటి మీదున్న నైటీ, పెట్టెలో చిలకపచ్చ డ్రెస్సు.

దీవి కనిపించిన రోజు పొద్దున నేను గజ్జెల చప్పుడుతో పైకి వచ్చేసరికి మా మేడమ్ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ మా ప్రొఫెసర్. విశాఖపట్నం మనిషి, సగం జీవితం ఓడల మీదే గడిపింది. ఆవిడ నవ్వగా మేమెవరమూ చూడలేదు.

"ఏమ్మా, మనం శాంపిళ్ళకి వెళ్తున్నామా, సంగీత్‌కా?" అంది.

"మేడమ్, బట్టలు ఎగిరిపోయాయి."

ఆవిడ నన్ను, నా జరీని, మెడలో వేలాడుతున్న నాన్న అద్దాలని వరసగా చూసి, "సరే, మడుగులో నీళ్ళు పట్టడం మీ ఇద్దరి పని. పరికరాలు తీసుకుని నేను రెండో పడవలో వస్తాను. రేవు దాటి ఎక్కడికీ పోవద్దు," అంది. ఖాళీ సీసాలు పెట్టుకోడానికి వేరే సంచి దొరక్క ఆ పసుపు సంచిలోనే సర్దుకున్నాను.

పెద్ద ఓడ దీవి దాకా పోలేదు. దీవి చుట్టూ పగడపు దిబ్బ, దాని లోపల నిలకడగా ఉండే మడుగు. దిబ్బ బయట ఓడ ఆగితే చిన్న పడవలో దిగాలి. ఆ మడుగు రంగు గురించి రాద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఆ పూట నాకు గుర్తున్నది మాత్రం ఒక్కటే: నీళ్ళు ఊగడం లేదు. దానికే నాకు ఏడుపొచ్చింది.

రేవు మీద కాలు పెట్టాను. నేల ఊగింది. ఇన్నాళ్ళూ ఓడతోపాటు ఊగిన ఒళ్ళు, ఇప్పుడు ఆగిన నేల మీద కూడా తనే ఊగుతుందని నాకు తెలియదు. ఎడమకి రెండడుగులు, కుడికి ఒకటి, సిమెంటు స్తంభాన్ని కౌగిలించుకోవడం, ఇలా నడుస్తున్నాను. నా స్నేహితురాలు నా నడుం చుట్టూ చెయ్యి వేసి మోస్తోంది. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళ గుంపొకటి మాకెదురొచ్చింది. తలల మీద మెరిసే ముసుగులు, మెడల నిండా బంగారం, చేతుల్లో పళ్ళేలు. నన్ను చూడగానే వాళ్ళందరి మొహాలు విప్పారాయి. ఒకావిడ పన్నీరు చల్లింది. ఇంకొకావిడ నా బుగ్గలు నిమిరింది. మూడో ఆవిడ నా తూలే నడక చూసి అయ్యో అన్నట్టుగా నాలుక చప్పరించి, రెండో పక్క నుంచి పట్టుకుంది.

"గిదేందే, గింత మర్యాదనా? మనల్ని గిట్ల మన చుట్టాలు సుత పిలవరు," అంది నా స్నేహితురాలు.

దీవికి వచ్చిన ప్రతివాళ్ళనీ ఇలాగే పిలుస్తారు కాబోలనుకున్నాను. రేవు దాటొద్దన్న మేడమ్ మాట గుర్తుంది. కానీ ఇద్దరు మనుషులు నన్ను ఎత్తుకున్నట్టే నడిపిస్తుంటే, నేల ఊగుతుంటే, నేను రేవు ఎప్పుడు దాటానో నాకే తెలియలేదు.

కొబ్బరాకుల పందిరి కింద తెలిసింది, అది పెళ్ళి. పక్క దీవి నుంచి పడవలో రావాల్సిన పెళ్ళికూతురి మేనత్త కుటుంబం కోసం వాళ్ళు ఎదురొచ్చారు. ఆ పడవ, మా పడవ ఒకేసారి వచ్చాయి. దిగినవాళ్ళలో జరీ అంచుతో మెరిసిపోతున్నదాన్ని నేనొక్కదాన్నే. మేనత్త కూతుర్ని వాళ్ళు చిన్నప్పుడెప్పుడో చూశారట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి మాత్రం నన్ను తీసుకెళ్ళి సాక్షాత్తూ పెళ్ళికూతురి పక్కన కూర్చోబెట్టారు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆత్రంగా ఏదో అడిగింది. వాళ్ళ భాష మలయాళంలా ఉంది, మలయాళం నాకు రాదు. పెళ్ళికూతుర్ని చిన్నబుచ్చడం ఎందుకని నవ్వి, తలూపాను. ఆ పిల్ల సంతోషపడింది. పక్కావిడ ఇంకోటి అడిగింది. దానికీ తలూపాను. ఎవరో ముసలావిడ చెవి దగ్గరికొచ్చి గట్టిగా అడిగితే రెండుసార్లు ఊపాను. ఆ మాటకి ఇద్దరు మగవాళ్ళు మోటార్‌సైకిలెక్కి ఎటో వెళ్ళిపోయారు.

"దేనికే తలూపినవ్?" అంది నా స్నేహితురాలు.

"ఏమో."

అంతలో పళ్ళేలు వచ్చాయి. అన్నం మీద చేప, అన్నం పక్కన చేప, గిన్నెలో చేప పులుసు, అప్పడంలా ఉంది కదా అని తుంచబోతే అదీ చేపే. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. చేప వద్దని ఎలా చెప్పాలో ఆలోచించి, చేపలకి మలయాళంలో మీన్ అంటారన్నది గుర్తొచ్చి సంబరపడ్డాను. వద్దనడానికి ఏమంటారో మాత్రం తెలియదు. సరే, సగం వచ్చు కదా అని రెండు చేతులూ గాలిలో ఊపుతూ "మీన్! మీన్!" అన్నాను. వడ్డిస్తున్నావిడ కళ్ళు చెమర్చాయి. ఎంత ఆకలితో వచ్చిందో పిల్ల అనుకుంది కాబోలు, పరుగున వెళ్ళి అన్నిటికన్నా పెద్ద ముక్క తెచ్చి నా పళ్ళెంలో వేసింది. నేను ఇంకా గట్టిగా "మీన్! మీన్!" అన్నాను. తలకాయ తెచ్చింది.

"నువ్వు గట్లనే అంటుండు," అంది నా స్నేహితురాలు, నా పళ్ళెం తన వైపు జరుపుకుంటూ.

ఇదిలా సాగుతుండగా తెల్ల లుంగీ, తెల్ల చొక్కా వేసుకున్న మనిషొకడు ఒగరుస్తూ పందిట్లోకి వచ్చాడు. ముప్పై అయిదు దాటి ఉంటాయి. పెళ్ళికూతురి అన్న. అసలు మేనత్త కుటుంబం రేవు మీద తమ పెట్టెల మీదే కూర్చుని, ఎవరూ రాలేదని అలిగి, తిరుగు పడవ గురించి అడుగుతున్నారట. మరి లోపల కూర్చున్నదెవరో తేల్చుకుందామని వచ్చాడు. నా ముందు నిలబడి మొదట నన్ను చూశాడు, తర్వాత నా ఒళ్ళో ఉన్న సంచిని చూశాడు. పెదవులు కదిలాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"అ... మీ... ర్... పే... ట."

నేను నోరు తెరిచి చూస్తున్నాను.

"చెల్లె," అన్నాడు, "అమీర్‌పేట్‌ల ఏ గల్లీ?"

నా స్నేహితురాలి చేతిలోని చేప తలకాయ పళ్ళెంలో పడింది.

"అన్నా, మీకు తెలుగొచ్చా?"

"మస్తొస్తది. రెండేండ్లు ఉన్న గాడ. మైత్రీవనం దగ్గర కోర్సు చేసిన. జావా చేసిన, డాట్‌నెట్ చేసిన, టెస్టింగ్ సుత చేసిన."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"చేపలు పడుతున్న."

అందులో ఆయనకి విచారమేమీ కనబడలేదు. తర్వాత జనం వైపు తిరిగి అసలు సంగతి చెప్పాడు. విన్నవాళ్ళంతా పందిరి కూలుతుందేమో అన్నంతగా నవ్వారు. నేను దేనికి తలూపానో కూడా అప్పుడే తెలిసింది. మేనత్త మోకాలు నయమైందా అంటే అయిందన్నాను. ఈ పిల్ల నీ చెల్లెలా అని నా స్నేహితురాల్ని చూపిస్తే అవునన్నాను. ఇక ఆ ముసలావిడ అడిగింది, దుబాయిలో ఉన్న మేనమామ సాయంత్రానికల్లా దిగుతున్నాడా అని. ఆ దీవిలో విమానం దిగే చోటే లేదు. కానీ నేను రెండుసార్లు తలూపేసరికి, హెలికాప్టర్‌లో వస్తున్నాడేమోనని ఆ ఇద్దరూ మోటార్‌సైకిల్ మీద మైదానానికి వెళ్ళారు.

అసలు మేనత్త వచ్చింది. నేను నయమైందని చెప్పిన మోకాలిని ఈడ్చుకుంటూ, ఇద్దరి భుజాలు పట్టుకుని వచ్చింది. వెనకే ఆవిడ కూతురు, మామూలు నీలం బట్టల్లో. నేను లేచి నిలబడి చేతులు జోడించాను. నేల ఊగి ఆవిడ మీద పడ్డాను. ఆవిడ నన్ను పట్టుకుంది. మోకాలి నొప్పి మనిషి, ఓడ తిప్పు మనిషి ఒకరినొకరు పట్టుకుని ఊగుతుంటే, అలకంతా అక్కడితో పోయింది.

నాకేం పెట్టాలో ఇప్పుడు వాళ్ళకి అర్థమైంది. కొబ్బరిపాలు, బెల్లం, అరటిపండు, అందులో ముంచుకోడానికి రుమాలంత పలచటి అట్టు ఒకటి పెట్టారు. ఓడ ఎక్కినప్పట్నుంచి నా కడుపులో నిలిచిన మొదటి తిండి అదే. నాలుగు తిన్నాను. అట్టు పిండిలో గుడ్డు ఉంటుందని నా స్నేహితురాలికి వాసన చూడగానే తెలిసిందట. తిరిగి ఓడెక్కాక చెప్పింది.

నేను తింటున్నంతసేపూ ఆ అన్న నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దీవి గురించి అడుగుదామని నేను నోరు తెరిస్తే ఆయన అమీర్‌పేట గురించి అడిగేవాడు.

"రోడ్డు మీద నడుస్తుంటే కాగితాలు చేతిల పెడతరు సూడు, కోర్సులయి. ఇంకా పెడుతున్నరా?"

"పెడుతూనే ఉన్నారన్నా. ఇప్పుడు వేరే కోర్సులు."

"మెట్రో నడుస్తుందా? నేనున్నప్పుడు తవ్వుతుండిరి. గా దుమ్మంత నేనే తిన్న. రైలు మాత్రం చూడకపోతి."

నడుస్తోందని, అమీర్‌పేటలో ఒక రైలు మీద ఇంకో రైలు అడ్డంగా పోతుందని చెప్పాను. ఆయన అది జనానికి చెప్పాడు. ఆ దీవిలో రైలన్నదే లేదు. చాలామంది ఫోన్లలోనే చూశారు. పెళ్ళి సంగతి పక్కన పెట్టి అందరూ నా చుట్టూ చేరారు. పై రైలు కింది రైలు మీద పడితే ఎలా అని ముసలావిడ అడిగింది. పడదన్నాను. పడదని నీకెలా తెలుసు, మేనమామ వస్తాడని కూడా చెప్పావుగా అంది. పళ్ళేలు బోర్లించి, గరిటెలు పట్టాలుగా పేర్చి, అమీర్‌పేట స్టేషన్ ఎలా ఉంటుందో చూపించాను. పెళ్ళికూతురు కూడా వంగి చూసింది. చదువు కోసం ఇంత సముద్రం దాటి వచ్చి, నేను ఆ దీవిలో చేసిన ముఖ్యమైన పని ఏదైనా ఉంటే అది ఇదే.

ఉన్నట్టుండి నా స్నేహితురాలు మోచేత్తో పొడిచింది. "మేడమ్."

నడుం మీద చేతులు పెట్టుకుని పందిరి మొదట్లో నిలబడి ఉంటుంది, ఇక అయిపోయాననుకుంటూ తిరిగి చూశాను. మేడమ్ నిలబడి లేదు. మమ్మల్ని వెతుక్కుంటూ ఎప్పుడొచ్చిందో వచ్చింది, వచ్చినావిడని వచ్చినట్టే కూర్చోబెట్టారు. ఆడవాళ్ళ వరస చివర్న, పక్కన పరికరాల పెట్టె పెట్టుకుని, తలొంచుకుని చేప పులుసన్నం తింటోంది. మా వంక చూసి, "ఇది చూరచేప, ట్యూనా. మా విశాఖలో ఇలా చేయరు," అని మాత్రం అంది. ఇంకో గరిటె వేయించుకుంది. ఆవిడ మొహంలో నవ్వులాంటిది చూశామని మేమిద్దరం ఇప్పటికీ వాదిస్తాం. మిగతా క్లాసు నమ్మదు.

ఓడ కూత వినబడింది. అప్పుడు ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది, సీసాలు ఖాళీగా ఉన్నాయని. అన్న మోటార్‌సైకిల్ తీశాడు. మేడమ్‌ని పెట్టెతో సహా వెనక ఎక్కించుకుని ముందు వెళ్ళాడు. మేం కొబ్బరిచెట్ల మధ్య పరుగెత్తాం. మడుగులో మోకాలి లోతుకి దిగి, జరీ తడుపుకుంటూ, చున్నీ నీళ్ళ మీద తేలుతుంటే గబగబా సీసాలు నింపాను. తర్వాత ఆ నీళ్ళని ఓడ మీద పరీక్ష చేస్తూ మేడమ్ సీసా మూత తీసి వాసన చూసి, "ఈ మడుగులో గులాబీలు పూస్తాయా?" అంది. నా చేతుల నిండా వాళ్ళు చల్లిన పన్నీరు. అవన్నీ పారబోశాం.

పడవ ఎక్కుతుండగా అన్న ఒక పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. కొబ్బరాకుల్లో చుట్టి, తాడుతో బిగించి ఉంది.

"చెల్లె, అమీర్‌పేట్‌ల నేనున్న హాస్టల్ ఆంటీకి ఇయ్యి. పంపిస్త అని మాటిచ్చి వచ్చిన. పోస్టుల పంపుదామంటే ఆఫీసుల తీసుకుంటలేరు, వాసనని."

"ఏంటన్నా ఇది?"

"మాస్."

"మాసా?"

"గదే, చూరచేప. ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టుడు. ఏండ్లకేండ్లు ఉంటది, ఫికర్ లేదు."

అడ్రసు అడిగితే, నీలం గేటు, ఎదురుగా ఇస్త్రీ బండి, పక్కన జిరాక్సు షాపు అన్నాడు. పడవ కదిలింది. కాదనే వీలు లేకపోయింది.

ఆ పొట్లంతో నేను పడ్డ పాట్లు ఓడ తిప్పుకంటే ఎక్కువ. కొచ్చి నుంచి ఇంటికొచ్చే రైల్లో మా చుట్టుపక్కల బెర్తులవాళ్ళు ముందు తమ టిఫిన్ డబ్బాలు తెరిచి చూసుకున్నారు, తర్వాత ఒకరి చెప్పులు ఒకరు అనుమానంగా చూసుకున్నారు, చివరికి టీసీని పిలిచారు. టీసీ ఎలుక చచ్చిందన్నాడు. మేం కూడా అంతే అయ్యుంటుందన్నాం.

ఇంటికి చేరాక తలుపు తీసిన అమ్మ నన్ను హత్తుకోబోయి ఆగిపోయింది. "ఏంటే ఈ వాసన? ఓడలో నీళ్ళే లేవా?"

పొట్లం సంగతి చెప్పాను. లోపలికి రానివ్వలేదు. పొట్లాన్ని, నన్ను కూడా. బయటే నిలబెట్టి, చెంబుడు నీళ్ళలో పసుపు కలిపి నా నెత్తిన చల్లి, అప్పుడు గుమ్మం దాటనిచ్చింది. పొట్లం బాల్కనీ కొక్కేనికి వేలాడింది. తెల్లారేసరికి మా అపార్ట్‌మెంటు కింద బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ పిల్లులన్నీ సభ చేశాయి. వాచ్‌మన్ పైకొచ్చి, "అమ్మా, మీ ఇంట్ల ఏమన్న అయిందా?" అని మెల్లగా అడిగాడు. మమ్మల్ని శాకాహారులుగా తెలిసిన మనిషి అలా అడిగేసరికి అమ్మ పరువు పోయింది.

ఇక నాన్న కల్పించుకుని పొట్లాన్ని పంజాగుట్ట కొట్టుకి తీసుకెళ్ళి స్టీలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏసీ వేయగానే దాని వాసన బీరువాలోంచి బయటికొచ్చింది. ఫ్రేములు పెట్టి చూసుకుంటున్నవాళ్ళు అద్దంలో తమ ముక్కులు చిట్లి ఉండటం చూసి, ఈ మోడల్ మాకు నప్పలేదని వెళ్ళిపోతున్నారట. "చూసుకున్న ప్రతి జోడూ అందరికీ చెడ్డగా కనిపిస్తోందే," అని నాన్న ఫోన్ చేశాడు. "ఆ ఆంటీ ఎవరో ఇవాళే వెతుకు."

నా స్నేహితురాల్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. నీలం గేటు ఇప్పుడు బూడిదరంగు. ఇస్త్రీ బండి లేదు. జిరాక్సు షాపులు మాత్రం గల్లీకి నాలుగున్నాయి. హాస్టళ్ళు లెక్కలేనన్ని. తలుపు కొట్టిన చోటల్లా "లేడీస్ హాస్టల్ పక్క గల్లీ" అన్నారు. చివరికి ఒక గేటు దగ్గర, మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న పెద్దావిడ మమ్మల్ని చూసి కత్తి కింద పెట్టింది.

"ఎవలు మీరు? ఇది మొగపిల్లల హాస్టల్. ఏ పోరడన్న మోసం చేసిండా? ఏ రూం చెప్పు, ఇప్పుడే కిందికి గుంజుకొస్త."

"కాదాంటీ, ఒక దీవి నుంచి మీకు పొట్లం తెచ్చాం."

ఆవిడ పొట్లం అందుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఆ పని ఇష్టంగా చేసిన మొదటి మనిషి ఆవిడే. కొబ్బరాకులు విప్పితే లోపల నల్లటి చెక్క ముక్కల్లాంటివి. ఒకదాన్ని మెట్టు మీద కొట్టింది. టక్కుమంది.

"నా సముద్రం పోరడు!" అని అరిచింది. "వాడేనా? రూంల గాలాడతలేదని ఎండాకాలం చలికాలం డాబా మీదనే పండుతుండె. వానొస్తే సుత దిగకపోవు. ఒకసారి కూరల చేప చేస్తే, ఇది చేప కాదాంటీ, చేప అంటే నేను పంపిస్త అన్నడు. నాకు కోపమొచ్చి రెండు రోజులు మాట్లాడలే."

కొబ్బరాకుల లోపల అన్న చీటీ మీద రాసిపెట్టిన నంబరుకి నా స్నేహితురాలు వెంటనే వీడియో కాల్ కలిపింది. అవతల అన్న పడవలో ఉన్నాడు, వెనకంతా నీళ్ళు. ఆంటీ ఫోనుని మొహానికి ఆనించుకుని, "ఏరా, గింత లావైనవ్? జావా ఏం జేసినవ్ రా?" అని అడిగింది. ఆయన ఏదో చెబుతుంటే వినకుండా, దీన్ని ఎట్ల వండాలి, చింతపండు వేయాల్నా, ముందు నానబెట్టాల్నా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మాటల మధ్యలో పైనుంచి మెట్రో పోతే ఆయన "గదేనా? గదేనా?" అని కేకలు పెట్టాడు. ఆంటీ ఫోను పైకెత్తి చూపించింది. ఆయనకి డాబా మీద ఆరేసిన బనియన్లు కనిపించి ఉంటాయి. అయినా మస్తుందన్నాడు.

ఆ పూట ఆంటీ మమ్మల్ని కదలనివ్వలేదు. రోట్లో చెక్కని దంచి, చింతపండు పులుసులో వేసి ఉడికించింది. వాసనకి కోర్సుల పిల్లలంతా గదుల్లోంచి దిగి పళ్ళేలతో వరస కట్టారు. నా స్నేహితురాలు ఆ వరసలో మొదట నిలబడింది. నాకు మాత్రం ఆవిడ విడిగా పప్పూ అన్నం పెట్టి, పక్కన కూర్చుని, దీవి గురించి అడిగింది. ఎంతమంది ఉంటారు, నీళ్ళు మంచియేనా, కరెంటు పోతుందా, అద్దెలెట్లున్నాయి. నాకు తెలిసినంత చెప్పాను.

అంతా విని, "గాడ హాస్టల్ ఒకటి పెడితే నడుస్తదా బిడ్డా?" అంది.

"ఎవరుంటారాంటీ అక్కడ హాస్టల్లో?"

"నీ లెక్క ఓడ దిగి ఊగుకుంట వచ్చేటోళ్ళుంటరు గదా. వాళ్ళకు ఇంత పెరుగన్నం పెట్టి పండబెడితే సాలు," అంది, నా పళ్ళెంలో ఇంకాస్త పప్పు వేస్తూ.